ఇంటిదొంగను పట్టేదెలా?

దొంగ ఇంట్లోకి వచ్చాడు. చేతిలో గునపం లేదు, మారుతాళాలు లేవు. గోడకు తగిలించిన మన తాళాలగుత్తే తీసుకుని, మన బీరువానే తెరిచి, దర్జాగా వెళ్లిపోయాడు. చూసిన పక్కింటివాళ్లు 'వీళ్ల చుట్టమే కాబోలు' అనుకున్నారు! కంప్యూటర్లలోనూ అచ్చం ఇలాంటి దొంగతనాలే జరుగుతున్నాయి.

పెద్ద ఆఫీసులో వందల కంప్యూటర్లుంటాయి. వాటి బాగోగులు చూసే అడ్మినిస్ట్రేటర్ ప్రతి సీటు దగ్గరికీ వెళ్లలేడు కదా! కూర్చున్నచోటి నుంచే అన్నింటికీ ఆదేశాలివ్వడానికి విండోస్‌లోనే పవర్‌షెల్ లాంటి పనిముట్లు ఉంటాయి. హ్యాకర్ల కన్ను వాటిమీదే. కొత్త వైరస్ ఫైలు వస్తే యాంటీవైరస్ అనుమానిస్తుంది. మరి విండోస్ సొంత పనిముట్టునో?

ఘనా కాపాడింది!

2017 జూన్ 27. ఉక్రెయిన్‌లో ఎక్కువమంది వాడే ఓ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోపాటు 'నాట్‌పెట్యా' లోపలికి దూరింది. కంప్యూటర్ మెమరీలోంచి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డులు కాజేసింది. విండోస్‌లో ఉన్న 'డబ్ల్యూఎమ్ఐసీ', అడ్మినిస్ట్రేటర్లు రోజూ వాడే 'పీఎస్ఎగ్జెక్'ల సాయంతో పక్క కంప్యూటర్లలోకి పాకింది. భద్రతా లోపాలు సరిచేసుకున్నవీ దానికి చిక్కాయి. అసలు తాళంచెవే దొరికాక తలుపు ఎంత గట్టిదైతే ఏం?

డెన్మార్క్ నౌకాయాన సంస్థ మెర్స్క్ కుదేలైంది. ముంబయి దగ్గరి జేఎన్‌పీటీ రేవులో ఆ సంస్థ టెర్మినల్‌లోనూ పని ఆగింది. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లను పది రోజుల్లో మళ్లీ సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. నెట్‌వర్క్‌కి గుండెకాయలాంటి సర్వర్లలో ఒక్కటే మిగిలింది... ఘనాలో! అదెలా అంటారా? ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది, అంతే!

మన ఇంటిదాకా...

ఇప్పుడీ ఎత్తు ఇళ్లకూ వచ్చింది. ఏదో వెబ్‌సైట్ తెరుస్తారు. 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అంటుంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటుంది. కొట్టారా... పవర్‌షెల్‌కి దొంగ రాసిచ్చిన ఆదేశాన్ని మీ చేత్తోనే ఇచ్చినట్టు! ఏ నిజమైన సైటూ అలా అడగదు. పిల్లలకూ ఈ మాట చెప్పి ఉంచండి.

మరికొన్ని జాగ్రత్తలు:

* రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడొద్దు. మామూలు ఖాతా చాలు. దొంగ చొరబడినా అతని చేతికి తాళాలగుత్తి అందదు.

* మెయిల్లో వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు మాక్రోలు అనుమతించమంటే వద్దనండి.

* అప్‌డేట్లు వాయిదా వేయొద్దు.

* ముఖ్యమైన ఫొటోలు, కాగితాల నకలు వేరే హార్డ్‌డిస్కులో దాచి, తీసి పక్కన పెట్టండి. ఘనా పాఠం అదే.

* ఆఫీసుల్లో అయితే ఏ ఫైలు వచ్చిందనే కాదు, ఏ పనిముట్టును ఎవరు, ఏ వేళప్పుడు వాడారన్నదీ గమనించాలి. అకౌంట్స్ గుమాస్తా కంప్యూటర్లో అర్ధరాత్రి పవర్‌షెల్ నడుస్తోందంటే ఆరా తీయాల్సిందే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాళాలు గోడకు తగిలించి ఉంచకపోవడం మాత్రం మన చేతుల్లో పనే!