రాణి కమలాపతి రైల్వే స్టేషను

రాణి కమలాపతి రైల్వే స్టేషను మధ్య ప్రదేశ్ రాజధాని భోపాల్ నగరంలోని ప్రధాన రైల్వే స్టేషన్లలో ఒకటి. ఇది పశ్చిమ మధ్య రైల్వేలోని భోపాల్ డివిజనుకు చెందినది. దీని పూర్వనామం హబీబ్‌గంజ్. హైదరాబాదు, విజయవాడల నుండి ఇటార్సీ, భోపాల్ మీదుగా ఢిల్లీ వెళ్ళే రైళ్ళు ఈ స్టేషను గుండానే సాగుతాయి. రైలెక్కేవారికి, దిగేవారికి వేర్వేరు దారులు ఏర్పరచటం దీని నిర్మాణంలోని ముఖ్య విశేషం.

చరిత్ర

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఈ స్టేషనును పునర్నిర్మించటానికి 2016లో ఒప్పందం కుదిరినది. భారతదేశంలో ఈ పద్ధతిన పునర్నిర్మించబడిన తొలి స్టేషను ఇదే. కొత్త స్టేషనును 2021 నవంబరు 15న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఆ సందర్భంలోనే దీనికి 18వ శతాబ్దికి చెందిన గోండు రాణి కమలాపతి పేరు పెట్టబడినది.

పాత పద్ధతిలోని ఇబ్బంది

మన స్టేషన్లలో సాధారణంగా ఒకే పాదచారుల వంతెన, ఒకే మెట్లదారి అందరికీ ఆధారం. రైలు ఆగగానే దిగినవారు మెట్లెక్కుతారు. అదే సమయంలో ఎక్కవలసినవారు సామానుతో మెట్లు దిగుతారు. ఇరుకైన చోట ఈ రెండు ప్రవాహాలు ఎదురెదురుగా తగులుతాయి. పైగా రైలు కోసం వేచియుండేవారు గంటల తరబడి ప్లాట్‌ఫారం మీదనే ఉండటం వలన దిగేవారికి చోటు మిగలదు.

స్టేషను అమరిక

ఈ స్టేషనులో పట్టాల పైన, ప్లాట్‌ఫారాలన్నిటినీ కలుపుతూ విశాలమైన కాన్‌కోర్స్ నిర్మించబడినది. ప్రయాణికులు ముందుగా ఇక్కడికి చేరి, కూర్చుని, రైలు వచ్చే వేళకు ఎస్కలేటరు, లిఫ్టు లేదా మెట్ల ద్వారా తమ ప్లాట్‌ఫారానికి దిగుతారు. రైలు దిగినవారు పైకి ఎక్కనక్కరలేదు. పట్టాల కింద నిర్మించిన రెండు సబ్‌వేల ద్వారా వెలుపలికి పోతారు. అనగా ఎక్కేవారి దారి పైన, దిగేవారి దారి కింద. రెండింటికీ మధ్యనున్న ప్లాట్‌ఫారం వేచియుండే స్థలం కాక, కేవలం రైలెక్కి దిగే స్థలంగా మిగులుతుంది.

ప్రాముఖ్యం

దారుల అమరిక ప్రయాణికుల ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. 2017 సెప్టెంబరు 29న ముంబయిలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను పాదచారుల వంతెనపై జరిగిన తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించారు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూ ఢిల్లీ స్టేషనులో, కుంభమేళాకు వెళ్ళే రద్దీలో, 18 మంది మరణించారు. ఇరుకైన మెట్లపై ఒకరు తూలి పడినా, వెనుకనున్నవారికి అది కనిపించదు. వారి తోపుడు ఆగదు.

అయితే దారులు వేరుచేసినంత మాత్రాన చాలదు. సూచిక బోర్డులు స్పష్టంగా లేకున్నా, రైలు వచ్చే ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారినా జనం ఒక్కసారిగా ఒకేవైపు మళ్ళుతారు. పై అంతస్తుకు ఎక్కి మరల దిగవలసి ఉన్నందున వృద్ధులకు, వికలాంగులకు లిఫ్టులు నిరంతరం పనిచేయటం అత్యవసరం.