చేను ఖాళీయే, ఆకాశం కాదు

శనక్కాయ పీకేశాక కర్నూలు, కడప చేలు బోడిగా పడుంటాయి. రేడియో కంట్రోల్ విమానం నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ముందు చూడాల్సింది చేను కాదు, ఆకాశం. ఓర్వకల్లులో 2021లో మొదలైన విమానాశ్రయం ఉంది, అటువైపే డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రమూ ఉంది. కడపకూ విమానాశ్రయం ఉంది. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు గ్రీన్ జోనో (ముందస్తు అనుమతి అక్కర్లేనిదో) కాదో తేల్చుకున్నాకే బ్యాటరీ తగిలించాలి. బొమ్మకు ఇంత చట్టమా అంటారు. ఈ విమానాలకూ వర్తించే 2021 డ్రోన్ నిబంధనలు మరీ అంత కఠినమేం కావు: వ్యాపారానికి కాకపోతే రెండు కిలోల వరకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

డబ్బు దండగన్న మాటలో మాత్రం కొంత నిజముంది, మొదటి రోజే జెట్ మోడల్ కొన్నవాళ్ల విషయంలో. ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్, తర్వాత రెక్క పైనుండే ఫోమ్ ట్రైనర్ అయితే ఆ బాధ తక్కువ. ఫోమ్ విరిగినా జిగురుతో అతుక్కుంటుంది. అసలు చిక్కు విమానం మనవైపు తిరిగినప్పుడు. కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు వాలిన రెక్కకు ఊతకర్ర పెట్టినట్టు, అది ఏ వైపు వాలితే స్టిక్కును ఆ వైపుకే నెట్టాలి. ఇదంతా పొద్దున్నే, ఎండ ముదిరితే మన చేలల్లో సుడిగాలి లేస్తుంది, తేలికపాటి ఫోమ్ దాని ముందు నిలవదు.