వార్తల్లో పదం: ఫ్లోకే స్థితి

నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు కదులుతున్నా శివలింగం మీద నీడ పగలంతా అలాగే ఉంటుంది. అక్కడ వెలుతురు ఎంత పడ్డా రాయి రాయే. కానీ కాంతి మరీ తీవ్రమైతే ఘనపదార్థం గుణమే మారుతుందా? మారుతుంది, కాసేపు.

స్ఫటికంలో పరమాణువులు నాటువేసిన వరిమళ్లలా వరసగా ఉంటాయి. ఆ వరసే ఎలక్ట్రాన్లకు కొన్ని శక్తి పట్టీలను కేటాయిస్తుందని 1928లో ఫెలిక్స్ బ్లాఖ్ చూపాడు. వరస చోటులోనే కాదు, కాలంలోనూ ఉండొచ్చు. లేజర్ కాంతి విద్యుత్ క్షేత్రం ఉయ్యాల ఊపినట్టు ఎలక్ట్రాన్‌ను ఒకే లయలో ఊపుతుంది. అప్పుడు అసలు పట్టీకి పైనా కిందా, ఒక్కో ఫోటాన్ శక్తి దూరంలో, నకలు పట్టీలు పుడతాయి. అవి ఒకదాన్నొకటి దాటేచోట ఖాళీలు తెరుచుకోవచ్చు. ఇవే ఫ్లోకే స్థితులు. పేరు గస్తోన్ ఫ్లోకేది. ఆ ఫ్రెంచి గణితజ్ఞుడు 1883లో రాసింది లయబద్ధ సమీకరణాల గురించి, లేజర్ ఊసే లేని కాలంలో!

2013లో అమెరికాలోని ఎంఐటీలో నూహ్ గెడిక్ బృందం బిస్మత్ సెలినైడ్ ఉపరితలంపై ఈ నకళ్లను కళ్లకు కట్టింది. 2019లో హాంబర్గ్‌లో వృత్తాకార ధ్రువణ కాంతి పడ్డ గ్రాఫీన్‌లో (ఒక్క పరమాణువు మందం కార్బన్ పొరలో) అయస్కాంతం లేకుండానే హాల్ ప్రవాహం, అంటే వోల్టేజీకి అడ్డంగా పారే విద్యుత్తు, కనిపించింది.

చిక్కల్లా వేడి: అంత తీవ్రమైన కాంతి పదార్థాన్ని వేడెక్కిస్తుంది. అందుకే కాంతిని ఫెమ్టోసెకన్ల తునకలుగానే వేస్తారు. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఫెమ్టోసెకను. తునక దాటిపోగానే నకళ్లూ మాయం.