ఒంటిచేత్తో... ఆటాడేద్దాం!

క్యారమ్స్ ఆడాలంటే ఎన్ని చేతులు కావాలి? ఒక్కటి చాలు. అష్టాచెమ్మా, వైకుంఠపాళి... వేటికీ రెండో చేత్తో పనే లేదు. మరి వీడియోగేమ్‌కి మాత్రం రెండు చేతులూ ఎందుకు కావాల్సొచ్చాయి?

నిజానికి వీడియోగేములూ ఒంటిచేత్తోనే మొదలయ్యాయి. 1972లో వచ్చిన 'పాంగ్' ఆడాలంటే రేడియో ట్యూనింగ్‌లా ఓ మరను తిప్పితే సరిపోయేది. 1980 నాటి 'ప్యాక్‌మ్యాన్'ని నడిపించేది ఒక్క జాయ్‌స్టిక్కే. 1983లో జపాన్‌లో నింటెండో 'ఫ్యామికామ్' వచ్చాక కథ మారింది. ఎడమ బొటనవేలు దిక్కులు చూసుకోవాలి, కుడి బొటనవేలు బటన్లు నొక్కాలి. తర్వాత్తర్వాత ఆ బటన్లు పది దాటాయి. ఆడేవాళ్లందరికీ రెండు చేతులూ చక్కగా పనిచేస్తాయన్నది తయారీదారుల లెక్క. ఆ లెక్కలో ఇమడనివాళ్లు పక్కన కూర్చుని చూడాల్సిందే!

అలాంటివాళ్లు ఏ ఊళ్లో లేరు? నూర్పిడి యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్నవారు, పక్షవాతంతో ఓ వైపు చచ్చుబడినవారు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు... పొదిలి, కనిగిరి వైపైతే ఫ్లోరైడ్ నీళ్ల బెడద అదనం. ఏళ్లతరబడి ఆ నీళ్లు తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి.

గడ్డంతో... గాలితో!

వీళ్ల గురించి మొదట ఆలోచించిన పెద్ద కంపెనీల్లో నింటెండో ఒకటి. 1989లో 'హ్యాండ్స్ ఫ్రీ' అనే కంట్రోలర్ తెచ్చింది. దాన్ని ఛాతీకి తగిలించుకుని, గడ్డంతో స్టిక్కుని కదపాలి. గొట్టంలోకి గాలి ఊదితే ఒక బటన్, పీలిస్తే ఇంకో బటన్ నొక్కినట్టు!

ప్రత్యేక పరికరం లేకుండానే అదరగొట్టినవారూ ఉన్నారు. అమెరికాలోని టెక్సస్‌కి చెందిన మైక్ బెగమ్‌కి పుట్టుకతోనే కీళ్లు బిగుసుకుపోయాయి. మామూలు కంట్రోలర్‌నే నోటితో నొక్కుతూ 'స్ట్రీట్ ఫైటర్'లో దిట్ట అనిపించుకున్నారు. 'బ్రోలీలెగ్స్' పేరుతో ఎందరికో మెలకువలు నేర్పిన ఆయన 2024లో కన్నుమూశారు.

తెలుగాయన సారథ్యంలో...

2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన మన సత్య నాదెళ్ల కుమారుడు జైన్‌కి సెరిబ్రల్ పాల్సీ. జైన్ 2022లో మరణించాడు. వైకల్యం ఉన్నవారికి టెక్నాలజీ ఎంత అవసరమో కొడుకు వల్లే తెలిసొచ్చిందని 2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్'లో రాసుకున్నారు నాదెళ్ల.

ఆ మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ 'ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్'ని విడుదల చేసింది. గాయపడిన సైనికులకు గేమ్ పరికరాలు తయారుచేసిచ్చే 'వార్‌ఫైటర్ ఎంగేజ్డ్' అనే సంస్థ పని చూసి అక్కడి ఉద్యోగులకు వచ్చిన ఆలోచన అది. పైన అరచేయంత నల్లబటన్లు రెండు, వెనక వరసగా 19 జాక్‌లు. ఎవరికి వీలైన స్విచ్ వాళ్లు తగిలించుకోవచ్చు. కాలితోనో, మోచేత్తోనో, తలతోనో నొక్కొచ్చు. అట్టపెట్టెని సైతం చేతులు సరిగా లేనివారు తెరవగలిగేలా ఉచ్చులు పెట్టి తయారుచేశారు. సోనీ కూడా 2023 డిసెంబరులో ప్లేస్టేషన్ 5 కోసం 'యాక్సెస్' కంట్రోలర్ తెచ్చింది.

చిక్కల్లా ధరతోనే. ఎక్స్‌బాక్స్ పరికరాన్ని విడుదల చేసినప్పుడు దాని ధర దాదాపు 100 డాలర్లు. స్విచ్‌లు విడిగా కొనుక్కోవాలి. అయితే ఆ స్విచ్‌లో బ్రహ్మవిద్యేమీ లేదు. రెండు తీగలు కలిస్తే ఆన్, విడిపోతే ఆఫ్. అంతే! ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవారు సులువుగా చేసివ్వగలరు.

ఫోన్‌లోనే ఉంది కిటుకు

అసలు పొదిలి లాంటి ఊళ్లలో పిల్లలకు వీడియోగేమ్ అంటే సెల్‌ఫోనే. అక్కడ పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి.

* 'సబ్‌వే సర్ఫర్స్' లాంటి ఆటలకు ఒక్క వేలు చాలు. ఫోన్‌ని స్టాండులో నిలబెడితే సరి.
* చాలా కార్ల ఆటల్లో ఫోన్‌ని వంచితే బండి తిరుగుతుంది. యాక్సిలరేటర్‌ని ఆటోమేటిక్‌గా పెట్టుకోవచ్చు.
* 'బీజీఎంఐ' లాంటి వాటిలో బటన్లన్నిటినీ ఒకేవైపుకి జరుపుకోవచ్చు. గురిచూడ్డానికి ఫోన్‌ని కదిపితే చాలు.
* ఆండ్రాయిడ్‌లోని 'స్విచ్ యాక్సెస్'తో ఒకట్రెండు స్విచ్‌లతోనే ఫోన్ వాడొచ్చు. వేగంగా సాగే ఆటలకు కష్టం కానీ, నింపాదిగా ఆడేవాటికి పనికొస్తుంది.
* కంప్యూటర్‌లో చాలా ఆటలకు కీలు మార్చుకునే వీలుంది. మౌస్‌ని కాలికింద పెట్టినా క్లిక్ క్లిక్కే!

ఈసారి పిల్లలంతా ఫోన్ చుట్టూ మూగినప్పుడు, పక్కన కూర్చుని చూస్తున్న బాబుకో పాపకో ఓ ఐదు నిమిషాలు సెట్టింగ్స్ మార్చి ఇచ్చి చూడండి. ఆ తర్వాత ఫోన్ వెనక్కి తీసుకోవడమే కష్టం!