తుడిచినను పోని యుత్తరములు

ఉత్తరములను దాచుకొనుట మన యిండ్లయందు పూర్వమునుండియు నున్న యలవాటే. గోడమేకునకు వ్రేలాడు ఇనుపతీగకు గ్రుచ్చిన కార్డులను మనలో పెక్కుమంది చూచియే యుందుము. నేడా తీగ స్థానమును కంప్యూటరునందలి ఈమెయిలు పెట్టె యాక్రమించినది. తీగనుండి కార్డును లాగి చించివేసినచో నది పోవును. ఈమెయిలు మాత్రమట్లు పోదు. ఏల పోదో తెలియకున్నచో చికాకే కాదు, ఒక్కొక్కప్పుడు తీరని నష్టము గూడ కలుగవచ్చును.

ఇటీవల మా పొరుగింటి యిల్లాలొకరు మా యొద్దకు వచ్చి, "వదినెగారూ! వ్యాపార ప్రకటనలను ఎన్నిమారులు తుడిచినను మరల వచ్చి కూర్చుండుచున్నవి. పెట్టె నిండినదని, మా యబ్బాయి వ్రాసిన యుత్తరము గూడ నాకు చేరక తిరిగిపోయినది. ఖాతానే తీసివేసి క్రొత్తది తెరువుమని వాడు చెప్పుచున్నాడు" అని కంటనీరు పెట్టుకొనిరి. ఆ కంటనీటికి కారణము ప్రకటనలు కావు. కీర్తిశేషులైన ఆమె భర్తగారు ఉద్యోగరీత్యా దూరదేశమందున్న కాలమున వ్రాసిన యుత్తరములన్నియు నా పెట్టెలోనే యున్నవి. ఖాతాతో బాటు నవియు పోవును. ఎలుకలున్నవని యిల్లు తగులబెట్టుకొనుట యన నిదియే గదా!

అసలు సంగతి యేమన, ఈమెయిలును తుడుచుట యనగా చించుట కాదు, గుర్తు పెట్టుట. 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అనువారు ఐమాప్ అను పద్ధతిని రూపొందించిరి. ఉత్తరములు సర్వరు అను దూరపు కంప్యూటరునందుండగా, ఇంటి కంప్యూటరునుండియు, ఫోనునుండియు వానిని చూచుటకు నేటికిని ఈ పద్ధతి విరివిగా వాడుకయందున్నది. ఇందు తుడుపు రెండు పనులుగా జరుగును. మొదట ఉత్తరముపై తుడువదగినదను గుర్తు పడును. పిదప ఎక్స్‌పంజ్ అను రెండవ యాజ్ఞ అందినప్పుడే సర్వరు దానిని నిజముగా తొలగించును.

అంతేకాక, మనము తుడిచిన యుత్తరమును ట్రాష్ అను చెత్తబుట్టలో వేయుట పెక్కు ప్రోగ్రాముల యాచారము. అందుకై ముందు దాని నకలొకటి బుట్టలో జేరవలెను. ఆ తరువాతనే అసలుది పోవును. పెట్టె పూర్తిగా నిండియున్నచో నకలునకు చోటుండదు. నకలు చేరదు గనుక అసలుదియు కదలదు. మా పొరుగువారికి కలిగిన చిక్కిదియే. నిండుటచేత తుడుపు సాగదు. తుడుపు సాగమిచేత నిండుదల తగ్గదు.

దీనికి విరుగుడు సులభము. ముందుగా ట్రాష్ ఫోల్డరును ఖాళీ చేయవలెను. అప్పటికిని చాలకున్నచో, పెద్ద జోడింపులు గల పనికిమాలిన యుత్తరమునొకదానిని ఎంచి, షిఫ్టు మీటను అదిమిపట్టి డిలీటు మీటను నొక్కవలెను. థండర్‌బర్డు మున్నగు ప్రోగ్రాములలో అట్లు చేసినచో నుత్తరము బుట్టకు పోక నేరుగా తొలగును. అది తిరిగి దొరకదు గనుక, నొక్కుటకు ముందు రెండుమారులు చూచుకొనుడు.

చోటు చాలినంత యున్నను ఉత్తరములు పోకున్నచో ఇతర కారణములుండును. 2004లో తొలి పూర్తిరూపమున వెలువడిన ఆ థండర్‌బర్డునే యుదాహరణముగా గైకొందము. దాని ఖాతా అమరికలలో, తుడిచినప్పుడు ఉత్తరమును బుట్టలో వేయవలెనా, గుర్తు మాత్రమే పెట్టవలెనా, వెంటనే తీసివేయవలెనా యను ప్రశ్న కలదు. గుర్తు మాత్రమే యని యున్నచో నుత్తరము కొట్టివేతగీతతో కంటి యెదుటనే నిలుచును. ఫోల్డరు సూచిక చెడినచో లేని యుత్తరములు ఉన్నట్లు తోచును. అప్పుడు ఫోల్డరుపై కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులో రిపేర్ ఫోల్డర్ అనుదానిని నొక్కినచో సూచిక క్రొత్తగా తయారగును. పాప్ అను వేరొక పద్ధతి వాడువారి యింట, ఉత్తరముల నకళ్లు సర్వరునందే యుండునట్లు అమరిక యున్నచో, కంప్యూటరున తుడిచినది ఫోనున కనబడుచునే యుండవచ్చును.

మరియొక రహస్యము. థండర్‌బర్డు సాధారణముగా ఒక ఫోల్డరులోని యుత్తరములన్నిటిని ఒకే ఫైలుగా కుట్టి యుంచును. తుడిచినది కంటికి మరుగగునేగాని ఆ ఫైలులో నుండనే యుండును. కాంపాక్ట్ అను యాజ్ఞ నిచ్చినప్పుడే అది నిజముగా పోయి, కంప్యూటరున చోటు తేరును. ఫైలును తిరుగవ్రాయుటకు కొంత ఖాళీ కావలెను గనుక, డిస్కు పూర్తిగా నిండకముందే ఈ పని చేయుట మేలు.

కావున సోదరీమణులు ముందు దాచుకొని పిదప తుడువవలెనని మా మనవి. ప్రియమైన యుత్తరములను లోకల్ ఫోల్డర్సు అను చోటికి నకలు చేసి, సేవ్ యాజ్ ద్వారా పెన్‌డ్రైవులో మరియొక ప్రతి నుంచి, అవి తెరచుకొనుచున్నవో లేదో చూచిన తరువాతనే కాంపాక్టును, బుట్ట ఖాళీ చేయుటయు మొదలిడవలెను.

మా పొరుగువారి పెట్టెలో, ట్రాష్ ఖాళీ చేయుటకు ముందు అందేమున్నదో చూచితిమి. ప్రకటనల నడుమ, ఎప్పుడో పొరబాటున పడిన వారి భర్తగారి యుత్తరములు రెండు కనబడినవి. వానిని పైకి తీసి, మిగిలిన వానితో చేర్చి పదిలపరచితిమి. తరువాత బుట్ట ఖాళీయైనది, ప్రకటనలును పోయినవి. నాటి సాయంకాలమే వారి యబ్బాయి తిరిగి వ్రాసిన యుత్తరము వచ్చినది. ఖాతా యథాప్రకారముగానే యున్నది.