ఎత్తుపల్లాల దారిలో దూరపు పరుగు

మారథాన్ పరుగుదూరము 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్ క్రీడలలో పరుగిడిన ఈ దూరమే 1921లో ప్రమాణమైనది. హైదరాబాదులో ఏటేటా ఆగస్టు మాసమున హుస్సేన్‌సాగర్ తీరమునుండి సాగు మారథాన్‌లో వంతెనల ఎత్తులు పలుమార్లు ఎదురగును.

ఉద్యోగమో సేద్యమో చేసికొనుచు తీరికవేళ పరుగెత్తువారికి గెలుపుకన్న గమ్యము చేరుటయే ఘనత. అట్టివారికి మేము చెప్పునది యిది: మిట్టపై అడుగు కురుచ చేసి, వేగము తగ్గింపవలెను. పల్లము హాయిగా తోచును గాని, చిక్కు అక్కడనే కలదు. దేహభారము నాపుటకై తొడకండరములు సాగుచునే బిగియవలసి యుండును. అందుచే వాని పోగులు దెబ్బతిని, మరునాడు నొప్పి పుట్టును. కండరములలోని గ్లైకోజెన్ అను శక్తినిలువ తరుగుటచే చివరి మైళ్లలో కాళ్లు మొరాయించును. కనుక దారిలో నీరు, చక్కెర, ఉప్పు కొద్దికొద్దిగా పుచ్చుకొనవలెను. నీరే మితిమీరి త్రాగినచో రక్తమున లవణము పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును.

అశోకుని శాసనములుగల ఎర్రగుడి గుట్టలు జొన్నగిరికి చేరువలోనివే. ఆ దాపు దారులలో మన యువకులు వారమున కొకమారు ఎక్కుటతోపాటు దిగుటను కూడ అభ్యసించినచో కండరములు దానికి అలవాటుపడును. పరుగులో తల తిరిగినను, ఎదలో నొప్పి తోచినను వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. ఆగినవానికి మరుసటియేడు పరుగు కలదు.