వేసవి రాత్రులు, ఊరి కథలు, మన సంఘాలు

ఏప్రిల్, మే నెలల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పగటిపూట బయటికి అడుగు పెట్టలేం. ఇక్కడి వేసవి సంతోషమంతా పొద్దుగూకాకే మొదలవుతుంది. యాసంగి వడ్లు ఇల్లు చేరాక చిందు భాగోతం, ఒగ్గు కథ, శారద కథ ఊళ్లలోకి వచ్చేవి. వాటికి మందిరం అక్కర్లేదు, టికెట్ లేదు. ఇంటి నుంచి చాప తెచ్చుకుంటే చాలు.

సి. నారాయణరెడ్డి గారు 1931లో హనుమాజీపేటలో పుట్టారు. సిరిసిల్లలో ఆయన బడి చదువు ఉర్దూలో సాగింది. తెలుగు పాట మీద మోజు పెంచినవి చిన్నప్పుడు ఊళ్లో విన్న హరికథలు, జానపదాలు, చూసిన వీధి భాగవతాలు. మనిషినీ ప్రకృతినీ కలిపి ఆయన రాసిన 'విశ్వంభర'కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది.

అయితే మన విశ్వాసుల్లో చాలామంది ఈ కళలకు దూరంగా ఉంటారు. అందులో అర్థముంది. ఒగ్గు కథ మల్లన్న, బీరప్పల కొలువులో భాగం. దాన్ని అలాగే ఆరాధనలోకి తేలేం. కానీ డప్పు సంగతి వేరు. 150వ కీర్తనలో మన బైబిలు 'తంబుర' అన్నది హెబ్రీ మూలంలో చేత్తో వాయించే చర్మవాద్యం, అంటే డప్పుకు చుట్టమే. దాని పక్కనే నాట్యం కూడా ఉంది. పురుషోత్తమ చౌదరి గారు తెలుగు వారి రాగతాళాల్లోనే కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాటపైన రాగం, తాళం అచ్చువేస్తారు కదా.

డప్పును వదలడానికి విగ్రహారాధన భయం ఒక్కటే కారణం కాదు. మన పెద్దల్లో కొందరు దాన్ని వెట్టిగా, ఇతరుల చావులకు వాయించారు. ఆ అవమానాన్ని వదిలించుకోవడానికే దాన్ని కింద పెట్టారు. మళ్లీ పట్టుకోమని వాళ్లను అడిగే హక్కు ఎవరికీ లేదు. ప్రభువు కోసం వాయిస్తానని ఒక యువకుడు ముందుకొస్తే మాత్రం సంఘం అడ్డుపడకూడదని మా అభిప్రాయం.

ఈ వేసవి వి.బి.ఎస్. ముగింపు నాటికను మందిరం లోపల ఫ్యాన్ల కింద కాక వాకిట్లో వేయించండి. రూతు కథ బాగుంటుంది. కోత, కల్లం, పరిగె ఏరడం మన అమ్మమ్మలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లనే ముందు వరుసలో కూర్చోబెట్టండి. మైకు వద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లపై నిషేధం ఎలాగూ ఉంది. పైగా రోజంతా సాంచాల మోత విన్నవాళ్లు, బీడీలు చుట్టి నడుం పట్టేసినవాళ్లు ఆ పక్కిళ్లలోనే పడుకుంటారు. కథ చెప్పేవాడి గొంతు వాకిలి దాటకపోయినా నష్టం లేదు.

మరుసటి ఉదయం, ఎండ ముదరకముందే, పిల్లలను చెరువు గట్టుకు తీసుకెళ్లి 104వ కీర్తన చదివించండి. అందులో ఊటలు, కొంగలు, కుందేళ్లు, సాయంకాలం వరకు పాటుపడే మనిషి అందరూ ఉన్నారు. తరువాత తలా ఒక కాగితమిచ్చి, అక్కడ కంటికి కనబడినదే రాయమనండి. నేతపని ఇళ్ల పిల్లలకైతే ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూడును చూపించండి. ఆ అల్లిక గురించి వాళ్లకు మనకంటే ఎక్కువే తెలుస్తుంది.